కాపర్-టీ పడటం లేదు, మాత్రలూ పడలేదు.. ఇక మిగిలిందేమిటి?

హైదరాబాద్ శివారు నుంచి ఒక పాఠకురాలు నాలుగు పేజీల ఉత్తరం రాశారు. ఆమె ఎవరో తెలిసే వివరాలు తీసేసి, మిగతాది క్లుప్తంగా ఇస్తున్నాను.

వయసు 29. ప్రైవేటు స్కూల్లో టీచరు. భర్త ఓ గోదాములో సూపర్‌వైజరు. మూడున్నరేళ్ల పాప ఉంది, పెద్దాపరేషన్‌తో పుట్టింది. పాప పాలు మానేశాక మెడికల్ షాపులో అడిగి గర్భనిరోధక మాత్రలు తెచ్చుకున్నారు. రెండు నెలలు వాడారు. వికారం, తలనొప్పి. "తలనొప్పి వచ్చే ముందు కళ్ల ముందు మెరుపు గీతల్లాంటివి కదిలేవి, పావుగంట సేపు బోర్డు మీద నేను రాసిన అక్షరాలే నాకు సగం కనపడేవి కావు" అని ఒక్క వాక్యం రాసి వేరే సంగతిలోకి వెళ్లిపోయారు. మాత్రలు ఆపేశారు. కండోమ్ అంటే భర్తకు చిరాకు. వాడిన రోజు వాడేవారు, వాడని రోజు మర్నాడు పొద్దున్నే ఈవిడ ఎమర్జెన్సీ మాత్ర మింగేవారు. అలా ఎన్నిసార్లు మింగారో లెక్క పెట్టుకోలేదట. నెలసరి తేదీలు కలగాపులగమైపోయి, ప్రతి నెలా భయంతో టెస్ట్ కిట్ కొనుక్కునే పరిస్థితి వచ్చాక, ఎనిమిది నెలల కిందట కాపర్-టీ వేయించుకున్నారు.

అప్పటి నుంచి నెలకు తొమ్మిది రోజులు బ్లీడింగ్. అంతకుముందు కూడా ఐదారు రోజులు బాగానే అయ్యేదట. ఇప్పుడు మొదటి మూడు రోజులు రెండు గంటలకో ప్యాడ్ మార్చాలి, గడ్డలు పడుతున్నాయి. పాఠం మధ్యలో లేచి పరుగెత్తాల్సి వస్తుందేమోనని బాత్రూమ్ పక్క క్లాసు అడిగి వేయించుకున్నారు. మెట్లెక్కితే ఆయాసం. హిమోగ్లోబిన్ 8.6. ఐరన్ మాత్రలు రాశారు, పొద్దున టీ తాగుతూ వేసుకుంటున్నారు.

ఇక తలో మాట. అత్తగారు: "ఇంకొక్క కాన్పైనంక ఆపరేషన్ చేయించుకుంటే పీడ పోతది గదా, ఈ తీగలెందుకు?" అమ్మ: "ఆడపుట్టుక పుట్టినంక ఓర్చుకోవాలె. మేం ఓర్చుకోలేదా?" తోడికోడలు: "ఆ తీగ పైకి పాకి గుండెకాడికి పోతదంట." వీధి చివర ఆర్‌ఎంపీ: "గర్భసంచికి పుండు పడ్డట్టుంది, తీసేయిస్తే సరి." భర్త: "నీ ఒళ్లు, నీ ఇష్టం. నన్నడగకు."

చివరి పేజీలో అడిగిన ప్రశ్న: "కాపర్-టీ తీయించాలా, ఇంకొన్నాళ్లు ఓర్చుకోవాలా? తీయిస్తే దాని బదులు ఏది వాడితే ఏ ఇబ్బందీ ఉండదు?" దాని కింద, వేరే రంగు పెన్నుతో: "ఒక్కోసారి రెండో బిడ్డే వద్దనిపిస్తుంది మేడం. ఈ మాట ఇంతవరకు ఎవరితోనూ అనలేదు."

* * *

మీ ప్రశ్నలో సగానికి ముందే జవాబు చెప్పేస్తాను. ఓర్చుకోవద్దు.

కాపర్-టీ వేయించుకున్న మొదటి మూడు నుంచి ఆరు నెలలు నెలసరి ఎక్కువగా, నొప్పిగా రావడం మామూలే. వేసేటప్పుడే చెప్పాల్సిన మాట ఇది. మీకు చెప్పినట్టు లేదు. చాలామందికి ఆ తర్వాత సర్దుకుంటుంది. మీకు ఎనిమిది నెలలైనా తగ్గకపోగా హిమోగ్లోబిన్ 8.6కి దిగిపోయింది. గర్భం లేని ఆడవాళ్లకు అది 12 ఉండాలి. మీ అమ్మగారి కాలంలో వాళ్లూ ఓర్చుకున్న మాట నిజమే, కానీ వాళ్ల రక్తంలో ఎంత ఉందో చూసిన వాళ్లెవరు? నీరసంగా ఉంటే పని దొంగ అన్నారు, ఆయాసం వస్తే దిష్టి తీశారు.

కాపర్-టీలో హార్మోన్లేమీ ఉండవు. ప్లాస్టిక్ కాడకు చుట్టిన రాగి గర్భసంచిలో కొద్దిపాటి వాపు తెస్తుంది, వీర్యకణాలను కదలనివ్వదు. గర్భం రాకుండా ఆపేది అదే. ఆ వాపు వల్లనే లోపొరలో ప్రోస్టాగ్లాండిన్లు అనే రసాయనాలు పెరిగి బ్లీడింగూ, నొప్పీ ఎక్కువవుతాయి. ముందునుంచీ నెలసరి తక్కువగా అయ్యేవాళ్లకు ఈ తేడా పెద్దగా తెలియదు. పదేళ్లు అలా ఉంచేసుకుని, లోపల ఒకటుందన్న సంగతే మరిచిపోయేవాళ్లను చూస్తుంటాను. మీకు ముందే ఎక్కువ, దాని మీద ఇంకా ఎక్కువైంది. మీ ఒంట్లో లోపం వెతుక్కోకండి. ఆ రోజు మిమ్మల్ని "నెలసరి ఎన్ని రోజులు అవుతుంది? రక్తం ఎంతుంది?" అని అడిగుంటే వేరేది సూచించి ఉండేవాళ్లు.

తోడికోడలి భయానికి ఒక్క ముక్క: గర్భసంచికీ గుండెకీ మధ్య తీగ పాకే దారి లేదు. అరుదుగా కాపర్-టీ కిందికి జారడం, బయటికి వచ్చేయడం ఉంటుంది. ఇంకా అరుదుగా, ముఖ్యంగా వేసే సమయంలో, గర్భసంచి గోడను గుచ్చుకుని పొత్తికడుపులోకి వెళ్లొచ్చు. అందుకే స్కాన్ చేయించమంటాను. అది సరిగ్గా ఉన్నచోటే ఉందా, ఫైబ్రాయిడ్ అనే గడ్డగానీ పాలిప్ అనే చిన్న కండగానీ ఉందా అన్నది స్కాన్‌లో తెలుస్తుంది. దాంతోపాటు థైరాయిడ్ పరీక్ష, మూత్రంతో ఒక ప్రెగ్నెన్సీ టెస్ట్, ఇన్ఫెక్షన్ ఉందేమో లోపల పరీక్ష. బ్లీడింగ్ అంతా కాపర్-టీ పుణ్యమే అనుకుని తీయించేశాక, అసలు కారణం థైరాయిడ్ అని తేలితే మళ్లీ మొదటికొస్తుంది.

ఆర్‌ఎంపీ మాట మాత్రం ఈ చెవితో విని ఆ చెవితో వదిలేయండి. లోపల చూడకుండా, స్కాన్ లేకుండా పుండు ఉందని ఎవరూ చెప్పలేరు. ఒకవేళ పుండే ఉన్నా, 29 ఏళ్లకు గర్భసంచి తీసేయడం దానికి వైద్యం కాదు. మన రెండు తెలుగు రాష్ట్రాల్లో గర్భసంచి తీయించుకున్న ఆడవాళ్లు దేశ సగటుకు రెండింతలకు పైనే ఉన్నారని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలు చూపిస్తున్నాయి. వాళ్లలో చాలామంది కథ ఇలా ఒక బ్లీడింగ్‌తోనూ, ఒక "తీసేయిస్తే సరి"తోనూ మొదలైందే. అండాశయాలు ఉంచినా అవి ముందుగా అలిసిపోయే అవకాశం ఉంది. ముప్పైల్లోనే ఒంట్లో ఆవిర్లు, ఎముకల అరుగుదల మొదలైతే అప్పుడు ఆ ఆర్‌ఎంపీ చేసేదేమీ ఉండదు.

ఐరన్ మాత్ర టీతో వేసుకోవద్దు. టీ, కాఫీ ఆ ఐరన్‌ను ఒంటికి పట్టనివ్వవు. వేసుకోవడానికి ముందు గంట, తర్వాత గంట టీ వద్దు. పాలు, క్యాల్షియం మాత్ర కూడా దాంతో కలపకండి. నిమ్మరసంతోనో బత్తాయితోనో వేసుకుంటే బాగా పడుతుంది. కడుపులో తిప్పితే రాత్రి అన్నం తిన్నాక వేసుకోండి. మలం నల్లగా వస్తే కంగారు పడొద్దు. నెల తర్వాత మళ్లీ రక్తపరీక్ష చేయించండి. అంకె 12కి చేరాక కూడా మూడు నెలలు మాత్రలు కొనసాగించాలి. బాగానే ఉంది కదా అని చాలామంది ఇక్కడే ఆపేస్తారు. మాత్రలతో అంకె కదలకపోతే సెలైన్‌లో ఎక్కించే ఐరన్ ఉంది, అడగండి.

ఇప్పుడు మీరు ఒక్క వాక్యంలో దాటేసిన విషయానికి వస్తాను. నా దృష్టిలో మీ ఉత్తరం మొత్తంలో ముఖ్యమైనది అదే.

తలనొప్పికి ముందు కళ్ల ముందు గీతలు కదలడం, చూపులో సగం మాయమవడం, పావుగంటకో అరగంటకో సర్దుకోవడం, ఆ తర్వాత తల పగిలిపోవడం: దీన్ని ఆరాతో కూడిన మైగ్రేన్ అంటారు. ఇది ఉన్నవాళ్లు ఈస్ట్రోజన్ అనే హార్మోన్ కలిసిన గర్భనిరోధక మాత్రలు వాడకూడదు. పక్షవాతం ముప్పు పెరుగుతుంది. మామూలుగా ఆడవాళ్లు వాడే 21 రోజుల, 28 రోజుల మాత్రల్లో, ప్రభుత్వం ఇచ్చే మాలా-ఎన్‌లో కూడా, ఈస్ట్రోజన్ ఉంటుంది. మీరు ఆపేయడం మంచిదైంది. వికారమొక్కటే అయితే రాత్రి తిన్నాక వేసుకోమని, రెండు మూడు నెలల్లో పోతుందని చెప్పి మళ్లీ ఆ మాత్రల దగ్గరికే పంపేదాన్ని. ఈ గీతల మాట విన్నాక ఆ దారి మూసేస్తున్నాను. "నా ఫ్రెండు ఆరేళ్లుగా వాడుతోంది, దానికేం కాలేదు" అని రాశారు. ఆమెకు ఈ తలనొప్పి లేదు, ఒకరి చెప్పు ఇంకొకరి కాలికి పట్టాలని లేదు.

ఇకపై ఏ డాక్టరు దగ్గరికి వెళ్లినా కూర్చోగానే చెప్పాల్సిన మొదటి మాట: "నాకు కళ్ల ముందు గీతలు వచ్చే మైగ్రేన్ ఉంది." బీపీ ఎంతో కూడా చూడమనండి. మెడికల్ షాపులో ఈ రెండూ ఎవరూ అడగరు. మాత్రలు లేనప్పుడు కూడా ఆ గీతలు వచ్చాయేమో గుర్తు చేసుకుని అదీ చెప్పండి.

"ఏ ఇబ్బందీ ఉండనిది" అడిగారు. అలాంటిది లేదు. ఏ ఇబ్బంది మీ ఒంటికి తక్కువ, ఏది మీరు భరించగలరు అన్నదే చూసుకోవాలి. మీ రక్తం, మీ తలనొప్పి, రెండో బిడ్డ సంగతి తేలకపోవడం, ఈ మూడూ పెట్టుకుని ఒక్కొక్కటీ చూద్దాం.

కాపర్-టీ ఉంచేసుకోవడం ఒక దారి. స్కాన్‌లో అది సరిగ్గానే ఉంటే, నెలసరి మొదటి మూడు నాలుగు రోజులు బ్లీడింగ్ తగ్గించే మందులు వాడొచ్చు. మెఫనమిక్ యాసిడ్, ట్రానెక్సమిక్ యాసిడ్ అని డాక్టరు రాస్తారు. సొంతంగా కొనుక్కోకండి. హిమోగ్లోబిన్ 11 ఉన్న మనిషైతే ఇంకో మూడు నెలలు ఇలా చూద్దామనేదాన్ని. 8.6 దగ్గర నాకు ధైర్యం చాలదు. కుండకు చిల్లి ఉండగా నీళ్లు పోస్తున్నట్టే ఉంటుంది, ఎంత ఐరన్ మింగినా.

మీకు బాగా నప్పుతుందని నాకనిపిస్తున్నది హార్మోన్ లూప్. మిరేనా అంటే చాలామందికి తెలుస్తుంది. చూడటానికి కాపర్-టీ లాగే ఉంటుంది, రాగి బదులు ప్రొజెస్టిన్ అనే హార్మోన్‌ను కొద్దికొద్దిగా గర్భసంచిలోనే వదులుతుంది. లోపొర పెరగదు కాబట్టి బ్లీడింగ్ బాగా తగ్గిపోతుంది. ఎక్కువ బ్లీడింగ్‌కు మందుగానే దీన్ని వేస్తుంటాం. ఈస్ట్రోజన్ లేదు. ఐదేళ్లకు పైనే పనిచేస్తుంది, మధ్యలో బిడ్డ కావాలనుకుంటే తీయించగానే అవకాశం తిరిగొస్తుంది. ఇక ఇబ్బందులు: మొదటి మూడు నుంచి ఆరు నెలలు వేళాపాళా లేకుండా చుక్కలు చుక్కలుగా అవుతుంది. చాలామంది ఈ దశలోనే విసిగి తీయించేస్తారు. కొందరికి మొటిమలు, రొమ్ముల్లో సలపరం. ప్రైవేటులో కొన్ని వేల రూపాయలు ఖర్చు, ప్రభుత్వ ఆస్పత్రుల్లో మామూలుగా దొరకదు. ఏడాది తర్వాత కొందరికి నెలసరి పూర్తిగా ఆగిపోతుంది. అప్పుడు మీ ఇంట్లో "చెడు రక్తం లోపలే ఉండిపోతోంది" అంటారు, చూస్తుండండి. లోపొరే పెరగనప్పుడు ఊడి రాలిపోయేదేమీ ఉండదు, లోపల నిలిచేదీ ఉండదు.

డబ్బు దగ్గర ఆగితే ప్రభుత్వ ఆస్పత్రుల్లో ఉచితంగా ఇచ్చే 'అంతర' అనే గర్భనిరోధక ఇంజెక్షన్ ఉంది. 2017లో మొదలుపెట్టారు. మూడు నెలలకోసారి. ఇందులోనూ ఈస్ట్రోజన్ లేదు. మొదట్లో బ్లీడింగ్ అస్తవ్యస్తంగా ఉండి, తర్వాత తగ్గి, ఏడాదికి చాలామందికి ఆగిపోతుంది. రక్తం తక్కువున్నవాళ్లకు చివరికి మేలే. కానీ ఇప్పటి బ్లీడింగ్‌కు కారణం తేలకుండా వేయించుకోకూడదు. కొందరు బరువు పెరుగుతారు. వాడుతున్నంత కాలం ఎముకల సాంద్రత కాస్త తగ్గి, మానేశాక కోలుకుంటుంది. మీరు ముఖ్యంగా చూసుకోవాల్సింది ఇంకోటుంది: ఇది మానేసిన వెంటనే గర్భం రాదు, చివరి ఇంజెక్షన్ తర్వాత ఏడు నుంచి పది నెలలు పట్టొచ్చు. వచ్చే ఏడాది రెండో బిడ్డ కావాలనుకుంటే ఇది పనికిరాదు. ఒకసారి చేయించుకున్నాక పడకపోతే, లూప్‌లా బయటికి తీసేయడం కుదరదు, మూడు నెలలూ గడవాల్సిందే.

ఛాయ మాత్ర సంగతి మీకెవరూ చెప్పినట్టు లేరు. లక్నోలోని కేంద్ర ఔషధ పరిశోధన సంస్థలో తయారైన మందు, సహేలీ పేరుతో షాపుల్లోనూ ఉంటుంది. హార్మోన్ మాత్ర కాదు కాబట్టి ఆ వికారం, ఆ తలనొప్పి ఉండవు. మొదటి మూడు నెలలు వారానికి రెండుసార్లు, ఉదాహరణకు ఆదివారం, బుధవారం. తర్వాత వారానికి ఒకటి. ఆశా కార్యకర్త దగ్గర దొరుకుతుంది. కొందరికి నెలసరి ఆలస్యమవుతుంది, బ్లీడింగ్ కొంచెం తగ్గుతుంది. మీకు రెండోది వరమే. మొదటిదే చిక్కు: తేదీ దాటిన ప్రతిసారీ మళ్లీ ఆ పాత భయం, మళ్లీ టెస్ట్ కిట్. అండాశయాల్లో నీటి బుడగలున్నా, ఈమధ్య కామెర్లు వచ్చినా వాడకూడదు. రోజూ వేసుకునే మాత్రకంటే వారానికోసారి మాత్రను మరిచిపోవడం తేలిక, ఫోన్‌లో అలారం పెట్టుకోవాల్సిందే.

ఎమర్జెన్సీ మాత్రను ఇక పక్కన పెట్టండి. 72 గంటల్లోపు వేసుకోవాల్సిన, ఎప్పుడో ఒకసారి ఆదుకునే మందు అది. పదేపదే వాడితే నెలసరి లెక్క తప్పుతుంది, పైగా మిగతా పద్ధతులంత నమ్మకమైనదీ కాదు. నమ్మకం అన్నాను కాబట్టి అంకెలూ చెబుతాను. మనుషులు మామూలుగా వాడే తీరులో, ఏడాది వాడిన వంద మందిలో గర్భం వచ్చేది కాపర్-టీ, హార్మోన్ లూప్ రెండిటితోనూ ఒకరికంటే తక్కువ మందికి. ఇంజెక్షన్‌తో నలుగురికి, రోజూ మాత్రలతో ఏడుగురికి, కండోమ్‌తో 13 మందికి. కండోమ్ నాసిరకం సరుకు కావడం వల్ల కాదు, "ఈ ఒక్కసారికి" అనుకోవడం వల్ల.

కండోమ్ పేరెత్తాను కాబట్టి మీవారి దగ్గరికి వద్దాం.

"నీ ఒళ్లు, నీ ఇష్టం" అన్న మాటను మీరు మంచితనంగానే రాశారు. ఆయన బలవంతం చేయడం లేదు, నిజమే. కానీ జరిగింది చూడండి. మాత్రలు మీరు మింగారు, మర్నాటి మాత్రలూ మీరే, తీగ మీ ఒంట్లో, పోతున్న రక్తం మీది. ఆయన వంతుకు వచ్చింది ఒక్క కండోమ్, దానికీ చిరాకు. ఇష్టం మీది అంటూ బరువంతా మీ మీదే పెట్టేశారు. చెడ్డవాడు కాదని మీరు మూడుచోట్ల రాశారు, నమ్ముతాను. అయితే ఆయనకు 8.6 అంటే ఏమిటో తెలుసా? రాత్రి లేచి చప్పుడు కాకుండా ప్యాడ్ మార్చుకుంటానని రాసుకున్నారు. కనపడని ఇబ్బందిని ఆయన ఊహించుకోవాలని ఎదురుచూస్తే ఏళ్లు గడుస్తాయి. ఆ రక్తపరీక్ష కాగితం ఆయన చేతికివ్వండి. స్కాన్‌కు వెంట రమ్మనండి. డాక్టరు చెప్పేటప్పుడు ఆయన గదిలో ఉంటే సగం మాటలు మీరు చెప్పాల్సిన పని తప్పుతుంది.

అడిగేటప్పుడు "నువ్వు నన్ను పట్టించుకోవు" అని మొదలుపెడితే గొడవకే దారి. గడువు పెట్టి అడగండి: "నాకు రక్తం పట్టేదాకా, ఈ మూడు నెలలు, తప్పకుండా కండోమ్ వాడదాం." ఎల్లకాలం అంటే బిక్కచచ్చే మగవాళ్లు మూడు నెలలంటే ఒప్పుకుంటారు. చిరాకు దేనికో కూడా అడగండి. బిగుతుగా ఉంటే వేరే సైజు, స్పర్శ తెలియకపోతే పల్చటివి, పొడిబారితే నీటితో చేసిన జెల్లీ. కొబ్బరినూనె, వాసెలిన్ మాత్రం వద్దు, రబ్బరు చిరిగిపోతుంది. చాలా ఇళ్లల్లో కండోమ్ చిరగడానికి ఆ నూనె సీసానే కారణం.

ఒప్పుకోకపోతే? అప్పుడు మీ చేతిలో ఉన్నవి లూప్, ఇంజెక్షన్, ఛాయ. వీటిలో దేనికీ, కాపర్-టీ తీయించడానికి కూడా, భర్త సంతకం అక్కర్లేదు. ఎవరైనా అడిగితే నిబంధన చూపించమనండి. ఇంజెక్షన్ అయితే ఎవరికీ తెలియకుండా కూడా చేయించుకోవచ్చు, అలా చేసేవాళ్లున్నారు, వాళ్లను నేను తప్పుపట్టను. కాకపోతే రహస్యంగా వాడేవాళ్లు ఇబ్బంది వచ్చినప్పుడు కూడా రహస్యంగానే పడతారు. మీ ఇల్లు అంతదూరం వెళ్లినట్టు నాకనిపించలేదు.

ఇక ఆపరేషన్. మీ అత్తగారు చెప్పేదీ అదే, మన చుట్టూ జరిగేదీ అదే. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో పెళ్లైన ఆడవాళ్లలో దాదాపు 70 శాతం, తెలంగాణలో 60 శాతానికి పైగా ట్యూబెక్టమీ చేయించుకున్నవాళ్లే. దేశం మొత్తమ్మీద మగవాళ్ల వేసెక్టమీ నూటికి ఒక్కటి కూడా లేదు. నిజానికి రెండిట్లో చిన్నది మగవాళ్లదే. కోత కుట్లు లేని పద్ధతిలో, ఆ చోట మాత్రమే మత్తిచ్చి, కొద్ది నిమిషాల్లో చేస్తారు. బలం తగ్గడం, మగతనం పోవడం ఉండదు. మూడు నెలల తర్వాత వీర్యపరీక్షలో కణాలు లేవని తేలేదాకా వేరే జాగ్రత్త వాడాలి, అంతే. 1975-77 నాటి ఎమర్జెన్సీ పాలన రోజుల్లో మగవాళ్లకు బలవంతంగా చేసిన ఆపరేషన్ల భయం ఆ తరం నుంచి ఈ తరానికి దిగింది, చాలా ఇళ్లల్లో ఆ మాట ఎత్తనివ్వకపోవడానికి అదీ ఒక కారణం.

కానీ మీ విషయంలో ట్యూబెక్టమీ అయినా, వేసెక్టమీ అయినా ఇప్పుడు వద్దంటాను. రెండూ శాశ్వతం. తిరిగి కలిపే ఆపరేషన్ ఉన్నా ఫలితం చేతిలో ఉండదు. వేరే రంగు పెన్నుతో రాసిన ఆ రెండు వాక్యాలు తేలేదాకా శాశ్వతమైనదేదీ ముట్టుకోకండి.

ఆ వాక్యాల గురించి. రెండో బిడ్డ వద్దనిపించడం తప్పు కాదు. తొమ్మిది రోజులు రక్తం పోతూ, ఆయాసపడుతూ ఉన్న మనిషికి ఇంకో కాన్పు తలుచుకుంటేనే భయం వేస్తుంది. అది నిజంగా వద్దనుకోవడమో, నీరసం మాట్లాడటమో ఇప్పుడు మీకే తెలియకపోవచ్చు. రక్తం 12కి వచ్చాక, రాత్రులు నిద్ర పట్టాక మళ్లీ అడుక్కోండి. అప్పుడూ వద్దనే అనిపిస్తే ఆ మాటకు బలం ఉంటుంది, మీవారితో అప్పుడు మాట్లాడండి. కావాలనిపిస్తే లూప్ తీయించుకోవడం ఐదు నిమిషాల పని. తాత్కాలిక పద్ధతులు ఉన్నదే ఇలా తేల్చుకోలేని కాలం కోసం.

అత్తగారితో వాదన పెట్టుకోవద్దు. ఆమెకు చెప్పడానికి ఒక నిజం మీ దగ్గరుంది: 8.6తో గర్భం వస్తే తల్లికీ బిడ్డకీ ముప్పే. కాన్పులో పోయే రక్తాన్ని తట్టుకునే నిల్వ ఒంట్లో ఉండదు, పైగా మీది ముందే పెద్దాపరేషన్. "రక్తం ఎక్కేదాకా కాన్పు ఊసు ఎత్తొద్దని డాక్టరమ్మ అన్నది" అని నా పేరు మీద చెప్పండి. కనీసం ఆర్నెల్లు ఊపిరి తీసుకోవచ్చు. ఇది అబద్ధం కాదు, వాయిదా కూడా నిజమైనదే.

తీయించే రోజు గురించి ఒక జాగ్రత్త, చాలామంది ఇక్కడే దెబ్బతింటారు. వీర్యకణాలు ఆడవాళ్ల ఒంట్లో ఐదు రోజుల దాకా బతికుంటాయి. మొన్న రాత్రి కలిసి, ఈరోజు కాపర్-టీ తీయించేస్తే గర్భం రావొచ్చు. తీయించే ముందు ఏడు రోజులు దూరంగా ఉండండి, లేదా ప్రతిసారీ కండోమ్ వాడండి. హార్మోన్ లూప్ వేయించుకునేట్టయితే పాతది తీసి, అదే బల్ల మీద కొత్తది వేయించుకోవచ్చు. నెలసరి మొదటి వారంలో కాకుండా వేరే రోజుల్లో వేయించుకుంటే మరో ఏడు రోజులు కండోమ్ తోడుండాలి. ఇంజెక్షన్‌కూ ఇదే లెక్క. కొత్తది ఏదైనా మొదలుపెట్టాక క్యాలెండర్‌లో బ్లీడింగ్ రోజులు, తలనొప్పి రోజులు గుర్తు పెట్టుకోండి. కళ్ల ముందు ఆ గీతలు మళ్లీ వస్తే, అది హార్మోన్ లూప్ అయినా ఇంజెక్షన్ అయినా, డాక్టరుకు చెప్పాలి. మూడు నెలలకు ఆ క్యాలెండర్ పట్టుకెళ్తే మీకు పడుతోందో లేదో ఇద్దరికీ కనపడుతుంది.

స్కాన్‌కు వెళ్లడం వచ్చే నెలసరి దాకా వాయిదా వేయకండి. ఈలోపు గంటకో ప్యాడ్ చొప్పున వరసగా రెండు గంటలు తడిసినా, కళ్లు తిరిగి పడిపోయినా, జ్వరంతో పొత్తికడుపు నొప్పి, దుర్వాసన ఉన్న తెల్లబట్ట అయినా, కాపర్-టీ దారం తగలకుండా గట్టి ప్లాస్టిక్ తగిలినా, నెలసరి తప్పి ఒకవైపు నొప్పి వచ్చినా అపాయింట్‌మెంట్ కోసం ఆగొద్దు. కాపర్-టీ ఉండగా గర్భం రావడం అరుదు, కానీ వస్తే ట్యూబులో నిలిచే ముప్పు ఉంటుంది. ఆ రాత్రే పెద్దాస్పత్రికి వెళ్లి, లోపల కాపర్-టీ ఉందని, హిమోగ్లోబిన్ 8.6 అని ముందే చెప్పండి.